ఇంట్లోనే మెట్రో రైలు బర్త్‌డే: పిల్లల థీమ్ పార్టీ మనమే ఎలా చేసుకోవచ్చో వివరంగా

మా బాబుకి ఈమధ్యే ఐదేళ్లు నిండాయండి. ఇంట్లోనే మెట్రో రైలు థీమ్‌తో బర్త్‌డే చేశాం. హైదరాబాద్ మూసారాంబాగ్‌లో మాది టూ బెడ్‌రూమ్ ఫ్లాట్, హాల్ పెద్దదేం కాదు, పన్నెండు మంది పిల్లలు వచ్చారు. అప్పట్నుంచి తెలిసినవాళ్లు ఎలా చేశారు, ఏమేం కొన్నారు, ఎంతయింది అని అడుగుతూనే ఉన్నారు, ఒక్కొక్కరికీ ఫోన్‌లో సగం సగం చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాసి పెడితే ఇంకెవరికైనా పనికొస్తుంది కదా అని రాస్తున్నా. కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

ముందు పోయినేడు సంగతి చెప్పాలి. నాలుగో బర్త్‌డేకి ఒక డెకరేటర్‌తో ప్యాకేజీ మాట్లాడుకున్నాం. గోడంతా బెలూన్లు, కార్టూన్ బొమ్మల ఫ్లెక్సీ, లైట్లు, చూడ్డానికి బాగానే ఉంది, కానీ వాళ్ల మనిషి ఒకతను అక్కడే నిలబడి పిల్లలు దగ్గరికొస్తే చాలు ఫొటోలయ్యేదాకా ముట్టుకోవద్దు ముట్టుకోవద్దు అంటూనే ఉన్నాడు. పిల్లలకి చేయడానికి ఏమీ లేదు, కాసేపు సోఫాల మీద ఎగిరారు, తర్వాత ఫోన్లు తీసుకున్నారు. చుట్టాలందరూ వచ్చేసరికి ఎనిమిదిన్నర, కేక్ కోసేటప్పటికి మావాడు నా భుజం మీద నిద్రపోయాడు, లేపి కత్తి చేతికిస్తే ఏడుపు. ఆ ఆల్బమ్‌లో ఒక్క ఫొటోలో కూడా వాడు నవ్వుతూ లేడు, అది చూసినప్పుడల్లా నాకు చాలా బాధేస్తుంది.

అందుకని ఈసారి థీమ్ గురించి ఆలోచించేటప్పుడు నేను ఒక్కటే చూసుకున్నా, ఇందులో పిల్లలు చేత్తో, కాళ్లతో చేసే పని ఏముంది అని. ఉంటే అది థీమ్, లేకపోతే అది ఉత్త వాల్‌పేపర్. మీ పాప ఫలానా కార్టూన్ చూస్తుంది కాబట్టి ఆ బొమ్మ ప్లేట్ల మీద, టోపీల మీద, కేక్ మీద వేయిస్తే ఐదు నిమిషాలు సంబరపడుతుంది, ఆ తర్వాత గంటా యాభై ఐదు నిమిషాలు ఏం చేస్తుంది, అది ఆలోచించాలి. ఇంకో మాట, థీమ్ ఏంటని పిల్లల్ని నేరుగా అడిగితే పొద్దున ఒకటి చెప్తారు సాయంత్రం ఇంకోటి చెప్తారు. ఒక వారం వాళ్లు ఏం ఆడుకుంటున్నారో గమనించండి. మావాడైతే బాల్కనీలో నిలబడి పైన వెళ్లే రైళ్లు లెక్కపెడతాడు, కుర్చీలు వరసగా వేసి తెలుగులో ఒకసారి హిందీలో ఒకసారి అనౌన్స్‌మెంట్లు చెప్తాడు. ఇక వేరే వెతకాల్సిన పనే లేదు.

మన హైదరాబాద్ మెట్రో ఈ పనికి ఎంత బాగా కుదిరిందో మొదలుపెట్టాకే తెలిసింది. లైన్లు మూడు, మియాపూర్ నుంచి ఎల్బీనగర్ ఎర్రది, నాగోల్ నుంచి రాయదుర్గం నీలంది, జేబీఎస్ బస్టాండ్ నుంచి ఎంజీబీఎస్ బస్టాండ్ ఆకుపచ్చది, అంటే డెకరేషన్ కలర్స్ మూడూ వాటంతట అవే వచ్చేశాయి. రైలుకి బోగీలు మూడు, అంటే పన్నెండు మంది పిల్లలు బోగీకి నలుగురు. ఇక స్టేషన్ పేర్లు చూడండి, ప్రతి పేరులోనూ ఒక ఆట దాగుంది. ఖైరతాబాద్ అంటే పెద్ద గణపతి, కాబట్టి అక్కడ పిండితో బొమ్మలు చేయడం. నాంపల్లి అంటే నుమాయిష్, అదే ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్, కాబట్టి రింగులు విసిరే ఆట. దుర్గం చెరువు దగ్గర చేపలు పట్టడం. స్టేడియం స్టేషన్‌లో బాల్ విసిరి డబ్బాలు పడగొట్టడం. ప్యారడైజ్ అంటే బిర్యానీ, కాబట్టి అక్కడ తిండి, అది చెప్పక్కర్లేదు కూడా. చివర్లో సుల్తాన్ బజార్, అక్కడ షాపింగ్, అంటే రిటర్న్ గిఫ్ట్‌లన్నమాట. అసలు మెట్రోలో ఇవన్నీ ఒకే లైన్ మీద ఉండవు, మధ్యలో అమీర్‌పేటలో ఒకసారి, పరేడ్ గ్రౌండ్‌లో ఒకసారి మారాలి, ఆ మారడాన్ని కూడా ఆటలో పెట్టేశాం.

ఇక ప్లానింగ్ ఎక్కడ మొదలుపెట్టాలంటే, డెకరేషన్ దగ్గర కాదండి, టైమ్ దగ్గర. మన ఇళ్లల్లో బర్త్‌డే చెడిపోయేది ఎక్కువగా టైమ్ వల్లే, ఆరింటికి రమ్మంటే ఏడున్నరకి వస్తారు, అందరి కోసం ఆగి ఆగి కేక్ కోసేసరికి పిల్లలు ఆకలితో, నిద్రతో చిరాకైపోతారు. మేం పార్టీని రెండు ముక్కలు చేశాం. పిల్లలకి ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర. చుట్టాలకి, తాతయ్యలు, అమ్మమ్మలు, మేనత్తలకి ఏడింటికి భోజనం. చుట్టాలకి ఫోన్ చేసినప్పుడే చెప్పేశాం, కేక్ పిల్లలతో ముందే కోసేస్తాం, మీరు వచ్చాక హారతి, అక్షింతలు, భోజనం అని. మొదట మా అత్తమ్మ కొంచెం నొచ్చుకున్నారు, మేం లేకుండా కేక్ ఏంటి అని, అందుకని ఆవిడనీ మామయ్యనీ నాలుగింటికే రప్పించి ఆయనకి స్టేషన్ మాస్టర్ పని అప్పజెప్పాం. ఆ టోపీ పెట్టుకుని విజిల్ పట్టుకుని ఆయన రెండు గంటలు కూర్చోలేదంటే నమ్మండి.

ఐదేళ్ల పిల్లలకి రెండు గంటలు చాలా ఎక్కువే, దాన్ని దాటొద్దు. ఒక్కో ఆట పది నుంచి పదిహేను నిమిషాలు, అంతకన్నా సాగదీస్తే కొట్టుకోవడం మొదలవుతుంది. పిల్లల సంఖ్య కూడా హాల్ చూసుకుని పెట్టుకోండి, మామూలు ఫ్లాట్ హాల్‌లో సోఫాలు బెడ్‌రూమ్‌లోకి జరిపితే పన్నెండు మంది హాయిగా ఆడతారు, ఇరవై మంది అయితే మీరు ఆటలు ఆడించలేరు, కాపలా కాయడమే సరిపోతుంది. క్లాసులో ముప్పై మందినీ పిలవాలా అని చాలామంది మొహమాటపడతారు. మేం స్కూల్‌కి చాక్లెట్లు పంపించి, ఇంటికి మాత్రం వాడు రోజూ పేరు చెప్పే ఆరుగురిని, అపార్ట్‌మెంట్‌లో నలుగురిని, మా ఆడబిడ్డ పిల్లలిద్దర్నీ పిలిచాం. ప్రతి నలుగురు పిల్లలకీ ఒక పెద్ద మనిషి ఉండాలి, ఇది మాత్రం రాజీ పడొద్దు. పిల్లల్ని దింపడానికి వచ్చే అమ్మల్లో ఇద్దరు ముగ్గురిని ముందే అడిగితే సంతోషంగా ఉంటారు.

ఇన్విటేషన్ మూడు వారాల ముందు తయారుచేశాం. తెల్ల చార్ట్ చిన్న చిన్న ముక్కలు కోసి టికెట్ లాగా, పైన మావాడే రైలు బొమ్మ గీశాడు, కింద నేను 'మూసారాంబాగ్ స్టేషన్ నుంచి రైలు సాయంత్రం 4:30కి బయల్దేరుతుంది, 6:30కి తిరిగి వస్తుంది' అని రాశా. అయిపోయే టైమ్ రాయడం మర్చిపోకండి, అది ఉంటేనే అమ్మానాన్నలు పిల్లల్ని తీసుకెళ్లడానికి టైమ్‌కి వస్తారు. దాంతో పాటు వాట్సాప్‌లో ప్రతి ఇంటికీ విడిగా మూడు ప్రశ్నలు అడిగా: గుడ్డు తింటారా, పల్లీలు, జీడిపప్పు, పాలు ఏదైనా పడదా, ఆ రోజు ఏదైనా పట్టింపు ఉందా. శనివారం నాన్‌వెజ్ ముట్టని ఇళ్లు చాలా ఉంటాయి, కార్తీకమాసమైతే ఇంక చెప్పక్కర్లేదు. మాకు వచ్చిన జవాబుల్లో ఒక పాపకి పల్లీలు పడవని తెలిసింది, దాంతో ఇంట్లో ఆ రోజు పల్లీ చట్నీ అసలు చేయలేదు. అడక్కపోయి ఉంటే అనుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

షాపింగ్‌కి ఒక్క పూట చాలు. బేగంబజార్‌కి ఆదివారం కాకుండా మామూలు రోజున, పొద్దున షాపులు తెరిచే టైమ్‌కి వెళ్లండి, కారు వద్దు, పార్కింగ్ కోసం తిరగడంలోనే సగం రోజు పోతుంది. మేం మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి అక్కణ్నుంచి ఆటో ఎక్కాం, మావాడిని కూడా తీసుకెళ్లాం కాబట్టి వాడికి అదే సగం బర్త్‌డే. అక్కడ డజన్ల లెక్కన అమ్ముతారు, బెలూన్లు, రిబ్బన్లు, పేపర్ కప్పులు, రిటర్న్ గిఫ్ట్ సామాన్లు అన్నీ. సికింద్రాబాద్ వైపు వాళ్లకి జనరల్ బజార్, మోండా మార్కెట్ దగ్గర. చార్ట్‌లు, పోస్టర్ కలర్స్, టేపులు మాత్రం మీ వీధి స్టేషనరీ షాప్‌లోనే కొనుక్కోండి, అంత దూరం పోవాల్సిన పని లేదు. అట్టపెట్టెలు కిరాణా షాప్‌లో అడిగితే ఊరికే ఇస్తారు, ఫ్రిజ్‌లు వాషింగ్ మెషీన్లు అమ్మే షాప్‌లో అడిగితే పెద్దవి దొరుకుతాయి.

ఒకటి గుర్తుపెట్టుకోండి, 2022 జులై 1 నుంచి దేశమంతా కొన్ని ప్లాస్టిక్ సామాన్లు బ్యాన్, అందులో సగం బర్త్‌డే సామాన్లే. బెలూన్లకి పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ జెండాలు, డెకరేషన్ థర్మోకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, స్వీట్ బాక్సుల మీద చుట్టే పల్చటి ఫిల్మ్, అన్నీ. మార్కెట్లో ఇంకా కనిపిస్తాయి, కానీ కొనొద్దు. మేం మోదుగాకు విస్తళ్లు తెచ్చాం, నీళ్లకి ఇంట్లో స్టీల్ గ్లాసులు, వాటికి మూడు రంగుల రిబ్బన్ కట్టి ఏ బోగీ పిల్లలకి ఆ రంగు, దాంతో ఎవరి గ్లాసు ఎవరిదో కలిసిపోలేదు.

డెకరేషన్‌లో పెద్ద పని రూట్ మ్యాప్. నాలుగు తెల్ల చార్ట్‌లు అతికించి గోడకి పెట్టి, వాటి మీద మూడు రంగుల్లో లైన్లు గీశాం, మాకు కావాల్సిన స్టేషన్లు మాత్రమే రాశాం, మొత్తం రాయాలంటే ఒక్క రెడ్ లైన్ మీదే 27 ఉన్నాయి. ఒక్కో సాయంత్రం కొంచెం కొంచెం, పది రోజులు పట్టింది, మావాడు గుండ్రాలకి రంగులేశాడు, కొన్ని గీత దాటి పోయాయి, వాటిని సరిచేయొద్దని మా ఆయన గట్టిగా చెప్పారు, మంచి మాట. ఆ మ్యాప్ ముందు నిలబడి వాడు వచ్చిన ప్రతి పిల్లాడికీ ఇది నేనే వేశా, ఇది నేనే వేశా అని చూపిస్తుంటే పోయినేడు ఫ్లెక్సీకి పెట్టిన డబ్బు గుర్తొచ్చింది.

గోడకి డబుల్ సైడ్ టేప్ వేయకండి, తీసేటప్పుడు పెయింట్ పెచ్చులతో సహా వస్తుంది. కర్టెన్ రాడ్ నుంచి దారం వేలాడదీసి దానికి క్లిప్పులు పెట్టొచ్చు, లేదా అల్మారా తలుపులకి మాస్కింగ్ టేప్. నేల మీద పట్టాలకి కూడా మాస్కింగ్ టేపే, గుమ్మం దగ్గర మొదలై హాల్ చుట్టూ తిరిగి డైనింగ్ టేబుల్ కిందుగా బెడ్‌రూమ్‌లోకి పోయి మళ్లీ హాల్‌లోకి. పిల్లలు ఆ గీతల మీదే నడుస్తారు, వంటింట్లోకి గీత పోకుండా చూసుకుంటే పిల్లలు వంటింట్లోకి రారు. ఇది మేం అనుకోకుండా కనిపెట్టాం, బ్రహ్మాండంగా పనిచేసింది.

గుమ్మానికి మామిడాకులు, బంతిపూల తోరణం. థీమ్‌లో ఇది లేదు కదా అంటే లేదు, పుట్టినరోజు నాడు గుమ్మం బోసిగా ఉండకూడదు అంతే. పూలు ఎక్కువ కావాలంటే ముందురోజు గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోతే కిలోల లెక్కన వస్తాయి. బెలూన్లు మూడు రంగుల్లో నలభై తెచ్చాం, చేతి పంపుతో కొట్టాం. సగం ముందు రాత్రి, సగం ఆ రోజు మధ్యాహ్నం, ఎందుకంటే రాత్రి ఊదినవి మర్నాటికి కొన్ని మెత్తబడతాయి, ఎండాకాలం అయితే కిటికీ దగ్గర కట్టినవి పగిలిపోతాయి.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు చెప్పాలి, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరేయాలి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే ఆ రబ్బరు గొంతుకి అతుక్కుపోయి ఊపిరాడదు. గాల్లో ఎగిరే బెలూన్లు మేం పెట్టలేదు, హీలియం ఖరీదు కాబట్టి కొందరు అమ్మేవాళ్లు హైడ్రోజన్ నింపుతారు, అది నిప్పు తగిలితే గుప్పున అంటుకుంటుంది. మొహాల మీద కొట్టే స్నో స్ప్రే కూడా అంతే, ఆ డబ్బాలో తోసే గ్యాస్ మండేది, ఎదురుగా కొవ్వొత్తి వెలుగుతుంటే పిల్లాడి జుట్టు దగ్గర స్ప్రే కొట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఎవరైనా పెద్దపిల్లలు జేబులో తెచ్చినా తీసి పక్కన పెట్టేయండి, మొహమాటం వద్దు. మేడ మీద పార్టీ పెట్టుకుందాం అని కొందరన్నారు, ఈ వయసు పిల్లలతో పిట్టగోడ దగ్గర ఒక్కరి కన్ను తప్పినా కష్టం, అందుకే వద్దన్నాం.

ఇప్పుడు అసలు ఆట. పిల్లలందరూ ఒకేసారి రారు కాబట్టి మొదటి ఆట ఎప్పుడొచ్చినా కలిసిపోయేలా ఉండాలి. మాకు అది ఖైరతాబాద్, ఎందుకంటే పిండి ముద్ద చేతికిస్తే ఆలస్యంగా వచ్చినవాళ్లు కూడా వచ్చి కూర్చుని మొదలుపెట్టేయొచ్చు. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, ముప్పావు కప్పు నీళ్లు కొంచెం కొంచెంగా పోసి చపాతీ పిండిలా గట్టిగా కలిపి, ఒక ముద్దలో పసుపు, ఒక దాంట్లో బీట్‌రూట్ రసం, ఒకటి తెల్లగా. ఇది నాలుగైదుగురికి వస్తుంది, మేం మూడింతలు కలిపాం. కొందరు గణపతి చేశారు, ఒకడు పాము చేశాడు, ఒకడు లడ్డూలు మాత్రమే చేశాడు, ఏం చేసినా పేరు రాసి ట్రేలో పెట్టి పోయేటప్పుడు ఇచ్చేశాం. ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి తినకుండా మాత్రం చూడాలి.

ఐదింటికి మామయ్య విజిల్ ఊదారు. అమ్మ పాత చున్నీలు మూడు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఒక్కో చున్నీ పట్టుకుని నలుగురు పిల్లలు, అదే బోగీ. అట్టపెట్టెలతో నిజంగా బోగీలు చేద్దామని మొదట అనుకున్నాం, ట్రయల్‌లోనే తెలిసిపోయింది, అట్టపెట్టెలో నలుగురు దూరి నడిస్తే పడతారని. అందుకే పెట్టె ఒక్కటే ఇంజిన్, బర్త్‌డే బాబు దాంట్లో, మిగతా అంతా చున్నీలు. పాటకి రైలు కదలాలి, పాట ఆగితే బ్రేక్, కదిలినవాళ్లు ఔట్ అని మాత్రం పెట్టకండి. ఈ వయసులో ఔట్ అంటే ఏడుపే, మ్యూజికల్ చైర్స్‌లో మొదట ఔటైన పిల్లాడు ఆ తర్వాత పార్టీ అంతా అమ్మ ఒళ్లోనే ఉంటాడు. మా ఆటల్లో ఎవ్వరూ ఔట్ లేరు, ప్రతి స్టేషన్‌లో అందరికీ ఒక టోకెన్. అట్టతో గుండ్రంగా కోసి నీలం రంగు వేసినవి, డెబ్బై ఐదు చేసి పెట్టుకున్నాం, ఒకటి రెండు పోతాయని. గెలిచినా ఓడినా టోకెన్ వస్తుంది, అంచేత గొడవల్లేవు.

అనౌన్స్‌మెంట్లు మా అత్తమ్మ గొంతుతో ఫోన్‌లో ముందే రికార్డ్ చేశాం, 'తదుపరి స్టేషన్ నాంపల్లి, తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి' అని, పిల్లలు నానమ్మ గొంతు గుర్తుపట్టి ఎంత నవ్వారో. నాంపల్లిలో నీళ్ల సీసాల మీదికి గాజులు విసరడం, గాజువి కాదు, మెటల్ గాజులు లేదా అట్ట రింగులు. అమీర్‌పేటలో అందరూ దిగి చున్నీలు మార్చుకోవాలి, ఎర్ర బోగీ వాళ్లు నీలంలోకి, నీలం వాళ్లు ఆకుపచ్చలోకి, ఆకుపచ్చ వాళ్లు ఎరుపులోకి, ఆ గందరగోళం అచ్చం నిజం అమీర్‌పేటలాగే ఉంది, పిల్లలు దీన్నే మళ్లీ మళ్లీ అడిగారు, మూడుసార్లు ఆడించాం. దుర్గం చెరువంటే నీలం దుప్పటి, దాని మీద అట్ట చేపలు, చేప మూతికి జెమ్ క్లిప్, పుల్లకి దారం కట్టి చివర అయస్కాంతం. అయస్కాంతం పాత స్పీకర్‌లోంచి తీసిన పెద్దదే వాడండి, బటన్ అంత చిన్నవి అస్సలు వద్దు, ఒకటికి రెండు మింగితే లోపల పేగుల్లో ఒకదానికొకటి అతుక్కుని ఆపరేషన్ దాకా పోతుంది. స్టేడియంలో పేపర్ కప్పులు పేర్చి మెత్తటి బాల్‌తో కొట్టడం, ఇది మామూలే.

కేక్ చివరిదాకా దాచొద్దు, ఐదూ నలభై ఐదుకి ప్యారడైజ్ స్టేషన్, కేక్ అక్కడే. మా కేక్ చాలా సింపుల్. దగ్గర్లో బేకరీలో ఎగ్‌లెస్ బార్ కేకులు మూడు, ఒక్కోటి అరకిలో, ముందురోజు తెచ్చి వరసగా పెట్టాం, మూడు బోగీలు, మీద పల్చగా క్రీమ్, కిటికీలకి వేఫర్ బిస్కెట్ ముక్కలు, చక్రాలకి ఉస్మానియా బిస్కెట్లు. ఆ గుండ్రటి ఉస్మానియా బిస్కెట్ చక్రంగా ఎంత అందంగా ఉంటుందో చేసి చూడండి! చక్రాలు మాత్రం కోసే పది నిమిషాల ముందు పెట్టాలి, ముందే పెడితే క్రీమ్ తడికి మెత్తబడి జారిపోతాయి. ఇంట్లోనే చేసుకుంటామంటే ఓవెన్ లేకపోయినా కుక్కర్‌లో చేయొచ్చు, అడుగున ఉప్పు వేసి స్టాండ్ పెట్టి, గాస్కెట్ విజిల్ తీసేసి సన్న మంట మీద. పన్నెండు మంది పిల్లలు, ఇరవై మంది పెద్దవాళ్లకి కిలోన్నర సరిపోయింది, పిల్లలు ఎలాగూ సగం వదిలేస్తారు. మే నెల అయితే క్రీమ్ కరిగిపోతుంది, కోసే టైమ్‌కే ఫ్రిజ్‌లోంచి తీయండి.

కొవ్వొత్తులు మేం ఊదించలేదు. మా అత్తమ్మకి పుట్టినరోజు నాడు దీపం ఆర్పడం ఇష్టం ఉండదు, నాకూ ఆ మాట నచ్చింది. కేక్‌కి దూరంగా, పిల్లలకి అందని ఎత్తులో ఇత్తడి పళ్లెంలో ఐదు ప్రమిదలు, ఒక్కో ఏడాదికి ఒకటి, వాళ్ల నాన్న ఎత్తుకుంటే అగరువత్తితో వాడే వెలిగించాడు, పిల్లలందరూ చప్పట్లు. మీ ఇంట్లో కొవ్వొత్తులే అలవాటైతే అవే పెట్టుకోండి, చిటపటలాడుతూ నిప్పురవ్వలు చిమ్మేవి తప్ప.

తిండి దగ్గర పిల్లలకి ఒకటి, పెద్దలకి ఒకటి అనుకోండి. పిల్లలకి బటన్ ఇడ్లీలు నెయ్యి వేసి, చిన్న ఉల్లి సమోసాలు, దానిమ్మ గింజలేసిన పెరుగన్నం చిన్న గిన్నెల్లో, అరటిపండు, బొప్పాయి ముక్కలు. ద్రాక్ష పెడితే నిలువుగా కోసే పెట్టండి, గుండ్రంగా అలాగే పెడితే గొంతులో ఇరుక్కుంటుంది, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు ఇంకా చిన్న తమ్ముళ్లు చెల్లెళ్లు వస్తారు కాబట్టి వద్దు. కూల్‌డ్రింక్ బదులు ఎండాకాలం కాబట్టి మజ్జిగ, నిమ్మరసం పెట్టాం, కూల్‌డ్రింక్ ఏదీ అని ఒక్కరూ అడగలేదు. పెద్దలకి రాత్రి బగారా అన్నం, ఆలుగడ్డ కుర్మా, మిర్చి కా సాలన్, పెరుగు పచ్చడి, డబుల్ కా మీఠా. బాస్మతి కిలోకి ఎనిమిది నుంచి పది మంది లెక్క, ఇరవై మందికి రెండున్నర కిలోలు పెట్టాం, కొంచెం మిగిలింది, వాచ్‌మన్ వాళ్ల ఇంటికి వేడివేడిగా ముందే పంపించాం. పొద్దున మాత్రం తలంటు, కొత్త బట్టలు, గుడి, ఇంట్లో సేమ్యా పాయసం, ఇవి థీమ్‌తో సంబంధం లేకుండా జరిగిపోవాలి, సాయంత్రం హడావిడిలో పొద్దుటి ప్రశాంతత పోగొట్టుకోవద్దు. మధ్యాహ్నం వాణ్ని గంటన్నర పడుకోబెట్టాం, పోయినేటి పాఠం అది.

చివరి స్టేషన్ సుల్తాన్ బజార్. చిన్న టేబుల్ మీద దుకాణం పెట్టాం, మా ఆడబిడ్డ దుకాణదారు. స్కెచ్ పెన్నులు, బొంగరాలు, రంగు గాజులు, చిన్న స్టీల్ డబ్బాలు, పెన్సిళ్లు, ఒక్కోదానికి ఇన్ని టోకెన్లని చీటీ. అందరి దగ్గరా ఐదు టోకెన్లే, కాబట్టి అందరూ సమానం, కానీ ఎవరికి కావాల్సింది వాళ్లే ఏరుకున్నారు. మనిషికి అరవై రూపాయల లోపే అయింది, డజన్ల లెక్కన కొన్నాం కాబట్టి. ఒక పాప ఐదు టోకెన్లకీ గాజులే కొనుక్కుంది, ఒక బాబు తన బొంగరం చెల్లికి కావాలని ఇంకోటి అడిగాడు, ఇచ్చాం. ఒకేలాంటి ప్యాకెట్ చేతిలో పెట్టి పంపించడం కన్నా ఇది వందరెట్లు నయం. మనవాడికి వచ్చిన గిఫ్ట్‌లు మాత్రం అందరూ వెళ్లాకే విప్పండి, విప్పేటప్పుడే ఎవరిచ్చారో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే తర్వాత థాంక్స్ చెప్పడానికి తడుముకోవాల్సిన పని ఉండదు. వేరేవాళ్ల పిల్లల ఫొటోలు స్టేటస్‌లో పెట్టేముందు వాళ్ల అమ్మానాన్నల్ని ఒక మాట అడగండి.

మెట్రో మీ పిల్లలకి నచ్చకపోతే ఇదే పద్ధతి దేనికైనా సరిపోతుంది. రాకెట్లంటే ఇష్టపడే పాపకి చంద్రయాన్ పెట్టుకోండి, 2023 ఆగస్టు 23న విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది కదా, పేపర్ కప్పుకి కవర్‌తో పారాచూట్ కట్టి కుర్చీ మీద నిలబడి లోపల లడ్డూ కింద పడకుండా దింపడం, పిండి పరిచిన ట్రేలో గోలీలు వేసి గుంతలు చేయడం, ఆ వారంలోనే నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం చూపించడం. జంతువులంటే ఇష్టమైతే జూ పార్క్, ప్రతి గదీ ఒక బోను, పిల్లలే జంతువులు, మిగతావాళ్లు నడక చూసి కనిపెట్టాలి. జనవరిలో పుట్టినవాళ్లకి గాలిపటాలు, మాంజా లేకుండా తయారీ మాత్రమే. మేలో పుట్టినవాళ్లకి మామిడిపండ్లు, కళ్లు మూసుకుని వాసన చూసి బంగినపల్లి ఏదో రసాలేదో చెప్పడం.

పార్టీ అయిన మర్నాడు చేయాల్సింది ఒకటుంది. నేల మీద టేప్ రెండు మూడు రోజులకి మించి ఉంచకండి, మావాడు తీయనివ్వలేదని మేం వారం ఉంచాం, గమ్ ఎండిపోయి జిడ్డుగా అంటుకుంది. కొబ్బరినూనె రాసి పావుగంట వదిలేసి పాత గుడ్డతో తుడిస్తే వచ్చేసింది, తర్వాత సబ్బునీళ్లతో కడగాలి, లేకపోతే జారతారు. మ్యాప్ మాత్రం చుట్టి దాచకుండా వాడి మంచం పక్క గోడకి పెట్టాం, రోజూ రాత్రి పడుకునే ముందు ఒక స్టేషన్‌కి పేరు రాస్తున్నాడు, నిన్నటికి చైతన్యపురి దాకా వచ్చాడు.